ముళ్ళ సేద్యం

"ఈ ఆకులన్నీ నరికి చేనులోనే పారేయండి. ఎండి ఎరువైపోతాయి," అని కూలీలకు చెప్పాడు వ్యవసాయ ఇన్‌స్పెక్టరు జంబులయ్య.

కోడుమూరు దగ్గరి ఆ చేను పీరమ్మది. గట్టు నిండా నాగజెముడు అల్లుకుంది.

"అవి ఆకులు గాదు సారూ, కొమ్మలు. చేన్లో ఎయ్యొద్దండి," అందామె.

జంబులయ్యకు నవ్వొచ్చింది. మద్రాసులో చదివిన తనకు మేకలు కాసే మనిషి పాఠం చెబుతోంది.

"పచ్చగా పలకలా ఉంటే ఆకు కాక మరేమిటి? ఎండలో చెట్టుకు తిండి వండేది ఆకే. అది పోతే చెట్టు చస్తుంది. నీకేం తెలుసు?"

"ఈ చెట్టుకు ఆ వంట కొమ్మే చేస్తాది."

పోయిన నెల ఆయన కూలీలే పక్క చేనులో పారేసిన ముక్కల్లో ఒకదాన్ని పీరమ్మ కొడవలితో పెకలించి తెచ్చింది. కింద తెల్లటి వేళ్ళు, పైన కొత్త మొలక.

"ఆకు యాడన్నా ఇట్ల నాటుకుంటాదా?"

జంబులయ్య ఆ ముక్కను అందుకుని వేళ్ళను తడిమి చూశాడు.

"ఇంతవరకు ఎన్నూర్లలో నరికించినారు?"

"ఏడు."

పీరమ్మ ఆయన్ను బూట్ల నుంచి టోపీ దాకా చూసింది. "ఏడూర్ల చేన్లలో ముళ్ళు నాటొచ్చినావా అప్పా."

జంబులయ్య కూలీలను నరకడం ఆపమన్నాడు. తనే వంగి, అప్పటికే చేనులో పడిన ముక్కలు వట్టి చేతులతో ఏరసాగాడు. పీరమ్మ గట్టున కూర్చుని చూస్తూ ఉండిపోయింది.