తలగడ దూది

1978 జూలై 14, రాత్రి తొమ్మిదింపావు. మేముండే సిద్ధగోరా బస్తీలో వాన వెలిసి, గాలి పూర్తిగా నిలిచింది. తమ్ముడు రత్నకుమార్ స్పీకరు పెట్టెకు వెనుక పలక బిగించి పాట పెట్టాడు.

“కీచు పోయింది సూడక్కా. లోపల దూది కుక్కినాను.”

“ఎక్కడి దూదిరా?”

“అమ్మ తలగడది. ఊరికే పడుందని.”

నాకు ఒళ్లు మండింది. మొన్న వేసవిలో ఆ పెట్టె హోరులోనే అమ్మ నీళ్లడిగి, ఎవరికీ వినబడకనే ప్రాణం విడిచింది. ఆ తలగడ మీదే.

“ఇప్పుడా నీకు చప్పుడు ఎక్కువైంది? తియ్యి!”

“అమ్మ పోయినప్పుడు పెట్టినట్టు దూదికి కూడా ఆదరణ కూడిక పెట్టమంటావేటి?”

నేనే తీగ పీకేశాను. పాట ఆగింది. ఆ నిశ్శబ్దంలో పెట్టెలోంచి పొడిదగ్గు వినిపించింది. ఆ వెంటనే, “నీళ్లు.”

తమ్ముడు పలక విప్పలేదు. మర్నాడే పెట్టెను బర్మామైన్స్ పేటలో ఒక దుకాణదారుకు అమ్మేశాడు.

ఆరేళ్ల తరువాత ఆ దుకాణదారు పెట్టెను మా గుమ్మంలో దించి, హిందీలో ఒక్క మాటే అన్నాడు: “ఇందులోని అమ్మగారికి ముందు నీళ్లివ్వండి.”