నూనె అందని చోట

పలాసలో పాత జీడి ఫ్యాక్టరీని, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ హాలుగా మార్చారు. ఒకప్పుడు అక్కడే పిక్కలు కొట్టిన నీలవేణి, ఇప్పుడు ఆటలయ్యాక బంతి దొర్లే చెక్కబాటకు నూనె రాస్తుంది. నూనె మీద బంతి తిన్నగా జారాలి. పొడి చెక్క తగిలితేనే వంకర తిరుగుతుంది.

ఆ రాత్రి నూనె రాసి బంతి వదిలితే, సగం దారిలోనే వంకర తిరిగింది.

"సరిగ్గా రాయనేదేటి పిన్నీ?" అన్నాడు వాచ్‌మన్ యుగంధర్.

ఆమె వంగి చూసింది. నూనె తుడుచుకుపోయిన చోట వరసగా అరచేతుల జాడలు. జీడిరసానికి కాలకుండా, పిక్కలు కొట్టే ఆడవాళ్లు ముందు చేతులకు నూనె పట్టించేవారు. వాళ్లలో సగంమంది ఇప్పుడు బతికి లేరు.

"రాసినాను నాయినా. ఎవులో తీసుకున్నారు."

పిన్నుల వెనక చీకట్లో టక్, టక్‌మని చప్పుడు మొదలైంది. నీలవేణి, తనకు తెలియకుండానే, రెండు చేతులకూ నూనె పట్టించుకుంటోంది.