పేర్లే కావాలి

“నాకు పేర్లే కావాలి తమ్ముడూ. అవి రాకపోతే ఈ కథలు నాకెందుకూ పనికిరావు,” అంటూ ఆమె పెన్‌డ్రైవ్‌ను కౌంటరు మీద పెట్టింది.

కంప్యూటర్ మెకానిక్ దాన్ని పెట్టి చూశాడు. లోపల ఒక్కటే జిప్ ఫైలు. విప్పితే నలభై ఒక్క ఆడియోలు వచ్చాయి. పేర్లుండాల్సిన చోట మాత్రం తెలుగు లేదు. కోడి కెలికినట్టు గీతలు, గళ్లు.

“ఎవరి కథలక్కా ఇవి?” స్క్రీన్ చూస్తూనే అడిగాడు.

“ఇటు తిరిగి చెప్పు.”

టీచరమ్మ కాబోలు అనుకుంటూ తిరిగి, మళ్లీ అడిగాడు.

“మా నాన్నవి. రైల్వే గార్డుగా చేశారు. పోయేముందు మనవరాలి కోసం చెప్పి, ఒక్కోదానికీ పేరు పెట్టి దాచారు. ఆ పాత కంప్యూటర్ కాస్తా పాడైపోయింది. ఇక మిగిలింది ఇదే.”

మనవరాలు తల్లి పక్కనే ఉంది. నాలుగేళ్లుంటాయి. ఏదైనా కావాల్సొచ్చినప్పుడల్లా తల్లి చెయ్యి పట్టి లాగుతోంది.

“ఆడియోలు శుభ్రంగా ఉన్నాయి కదక్కా! కాసేపు విని, పేర్లు మీరే పెట్టుకోండి. ఒక పూట పని.”

“అది నా వల్ల కాదు.”

ఇంత బద్ధకమా అనుకున్నాడు మెకానిక్. ఇంతలో పక్క షాపులో డ్రిల్లింగ్ మిషన్ మొదలైంది. అతను చెవులు మూసుకున్నాడు. ఆమె మాత్రం అతని ముఖం మీంచి చూపు తిప్పలేదు.

ఇంకో సాఫ్ట్‌వేర్‌తో విప్పాడు. పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఆమె ముఖం పాలిపోయింది.

“కంగారు పడకండి. అసలు జిప్ భద్రంగానే ఉంది.”

మొదటి గీతల్నే మళ్లీ పరీక్షగా చూశాడు. మూడు గుర్తులకోసారి అదే గుర్తు తిరిగి వస్తోంది. ఒక్కసారిగా ఇటు తిరిగాడు.

“అక్కా, అక్షరాలు పోలేదు! పాత కంప్యూటర్ ఒక్కో అక్షరాన్నీ మూడు ముక్కలుగా దాచింది. ఇదేమో ముక్క ముక్కా విడిగా చదువుతోంది. అంతే!”

యూనికోడ్‌గా చదవమని సెట్టింగ్ మార్చి మళ్లీ విప్పాడు.

‘జ్వరం వచ్చినప్పుడు’, ‘చీకటంటే భయమేసినప్పుడు’, ‘అమ్మ మీద కోపం వచ్చినప్పుడు’... వరసగా అచ్చ తెలుగు.

ఆమె తెర మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంది. ‘బడికి వెళ్లే ముందు’ దగ్గర వేలు ఆగింది.

“రేపే దీనికి బడిలో మొదటి రోజు. ఇది పెట్టు తమ్ముడూ.”

స్పీకర్లోంచి రైలు కూత పెట్టిందో ముసలి గొంతు. “తాతయ్యా!” అని పాప ఎగిరి గంతేసింది. మెకానిక్కూ పకపకా నవ్వాడు.

ఆమె ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, స్పీకర్ మీద అరచెయ్యి ఆనించింది.

“నాన్న గొంతు బాగా వస్తోందా?”

“అదేంటక్కా, మీరూ వింటున్నారుగా!”

ఆమె కళ్లు తుడుచుకుని నవ్వింది.

“నాకు పదేళ్లుగా ఏమీ వినపడదు.”