ఆయన పేజీలో ఆమె

"నాకు నయమైందని మీ పేజీలో ఎందుకు రాయలేదు?" అంటూ రచయిత ముందు ఆయన ఫోనే పెట్టింది భార్య.

రచయిత కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. రాయకుండా ఎక్కడికి పోతాననీ, దేనికైనా ఓ సమయమంటూ రావాలనీ నసిగాడు.

"ఇక ఏ జబ్బూ లేదు, హాయిగా ఇంటికెళ్లమని డాక్టరు చెప్పి ఎన్నాళ్లయింది? జుట్టు చెవుల కిందికి దిగింది. మీరేమో నిన్న సాయంత్రం, గుక్కెడు నీళ్లు కూడా మింగలేకపోతోందని రాశారు. ఆ టైముకి నేను మేడ మీద కర్టెన్లు ఉతికి ఆరేస్తున్నాను."

ఆ పేజీ ఆయన సరదాపడి మొదలుపెట్టింది కాదు. ముందు పాఠకుల్ని పోగేసుకోండి, పుస్తకం సంగతి తర్వాత చూద్దామని పబ్లిషరు తెగేసి చెప్పాక తెరిచాడు. తన నవలల గురించి రాశాడు, పాత్రలు ఎలా పుట్టాయో రాశాడు. పట్టించుకున్న నాథుడు లేడు. ఒకరోజు, దువ్వెనకి కుచ్చులుగా ఊడివస్తున్న భార్య జుట్టు గురించి రాసి, కింద ఆమె ఫొటో పెట్టాడు. తెల్లారేసరికి పేజీ కిటకిటలాడిపోయింది. అప్పటినుంచి ఆమె చిక్కిపోతున్నకొద్దీ పేజీ ఒళ్లు చేసింది.

అప్పట్లో ఆమెకీ అది బాగానే ఉండేది. వాంతులతో సొమ్మసిల్లి పడుకుంటే, ఆయన మంచం పక్కన కూర్చుని కామెంట్లు చదివి వినిపించేవాడు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇంతమంది తన కోసం దణ్ణాలు పెట్టుకుంటున్నారా అని కళ్లనీళ్లు పెట్టుకునేది. ఇప్పుడు అవే కామెంట్లు చూస్తుంటే ఒళ్లంతా చీమలు పాకినట్టుంది.

"ఇది చదవండి," అని ఇన్‌బాక్స్ తెరిచి చూపించింది.

బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ పంపిన మెసేజి అది. పక్కన చిన్న ఫొటో, తలకి గుడ్డ కట్టుకున్న బక్కమనిషి. ఆవిడదీ అదే జబ్బు. ఇన్నాళ్లూ మీ ఆవిడ ఓర్పు చూసే నేనూ ఓర్చుకున్నాను, అంత మంచి మనిషికే తగ్గనప్పుడు నాకేం తగ్గుతుంది, ఈ వారం ఆస్పత్రికి వెళ్లబుద్ధి కాలేదు అని రాసింది.

"చూశారా? మీ రాతలు చదివి ఆవిడ మందు మానేస్తోంది."

రచయిత నోరు తెరిచేలోగా ఫోను మోగింది. పబ్లిషరు. కంగారులో ఈయన ఎక్కడ నొక్కాడో గానీ, అవతలి గొంతు గదంతా వినిపించింది. మేడమ్‌కి ఎలా ఉందని ఎంతో మర్యాదగా అడిగాడు అతను.

భార్య నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగానే నిలబడి ఉంది.

"అలాగే ఉంది," అన్నాడు రచయిత.

ధైర్యంగా ఉండమనీ, పోస్టులన్నీ పుస్తకంగా కూర్చడం అయిపోయిందనీ, అట్ట కూడా సిద్ధమనీ, చివరి అధ్యాయం ఒక్కటే రావాలనీ చెప్పి పబ్లిషరు పెట్టేశాడు.

రచయిత గొంతు తగ్గించి, "ఇన్నేళ్లు రాశాను. నా పుస్తకం కోసం జనం ఎదురుచూడటం ఇదే మొదటిసారి. ఆవిష్కరణ అయ్యేదాకా ఆగలేవా?" అన్నాడు.

ఆమెకి జాలేసింది. ఆ జాలి వెంటే కోపమూ వచ్చింది.

"నేను ఆగుతాను. ఆవిడ ఆగగలదా?" అంది. "ఇవాళే దీన్ని ముగించండి. మీ వల్ల కాకపోతే చెప్పండి, నేనే లైవులోకి వచ్చి నిలబడతాను."

రచయిత లేచి వచ్చి ఆమె నెత్తిన చెయ్యి పెట్టాడు.

"ముగించేస్తాను. రేపు పొద్దునకల్లా. నీ మీద ఒట్టు."

మర్నాడు ఆమె నిద్ర లేచేసరికి ఆయన ఇంట్లో లేడు. ఫోను చేస్తే స్విచాఫ్. అబద్ధం ఒప్పుకున్నాక నలుగురికీ జవాబు చెప్పుకోలేక ఎటో వెళ్లి కూర్చుని ఉంటాడనుకుంది. పేజీ చూద్దామంటే తనది మాట్లాడుకోవడానికి తప్ప పనికిరాని పాత ఫోను. అయినా మనసు తేలికపడింది. నాలుగు తిట్లు పడితే పడనీ, రెండ్రోజుల్లో అందరూ మర్చిపోతారు. తలంటుకుని, అద్దం ముందు నిలబడి పొట్టి జుట్టుకి తీరిగ్గా పాపిట తీసుకుంటుంటే తలుపు బెల్లు మోగింది.

గుమ్మంలో తలకి గుడ్డ కట్టుకున్న బక్కమనిషి, చేతిలో పూలు. చూడగానే గుర్తుపట్టింది. ఎలా కనుక్కున్నారండీ మా ఇల్లు అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

కుట్టుపనావిడ గ్లాసు ముట్టుకోకుండా వెక్కివెక్కి ఏడ్చింది. సంతోషం పట్టలేక కాబోలనుకుని ఈమె వీపు నిమిరింది.

"పేజీలో చదివారా?"

"పొద్దున్నే చదివానమ్మా. కాలు నిలవక వచ్చేశాను."

"మరింకేం? ఇక మీరూ ఆస్పత్రి మానకూడదు. నాకు మాటివ్వాలి."

ఆవిడ మాటివ్వలేదు. కళ్లు తుడుచుకుని ఈమె మొహంలోకి తేరిపార చూసింది. తర్వాత లోపలి గదివైపు చూసింది.

"అచ్చం మీ అక్క పోలికేనమ్మా మీది," అంది. "ఎన్నింటికి తీసుకెళ్తున్నారు?"