నూటికి నూరు

కోడలు గదిలోకి రాగానే మావగారు కళ్లజోడు సర్దుకున్నారు. ఇంట్లో అయితే "ఏమ్మా" అనేవారు. ఇది కాలేజీ. ఆయన స్టాటిస్టిక్స్ శాఖకు హెడ్డు, ఆమె నిన్నగాక మొన్న చేరిన లెక్చరర్.

"చెప్పండి మేడమ్. మీ ఉచిత సాఫ్ట్‌వేర్ సంగతి తేలిందా?"

"తేలింది సార్."

సంగతేమిటంటే, ఆమె ల్యాబ్‌లోకి 'ఆర్' అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ తెచ్చింది. ఊరికే దొరుకుతుంది. లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, ఇంటి దగ్గరా పెట్టుకోవచ్చు. పాత సాఫ్ట్‌వేర్ ల్యాబ్ గడప దాటదు. సాయంత్రం తాళం పడితే పిల్లల ప్రాజెక్టులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. చదువుకునే రోజుల్లో ఆ తాళం ముందు తనూ ఏడ్చింది కాబట్టి ఆమెకు అంత పట్టుదల.

ఆయనకేమో నమ్మకం లేదు. "పేరే ఒక్క అక్షరం. అదేం పని చేస్తుందమ్మా?" అని అన్నం దగ్గర కూడా దెప్పేవారు. చివరికి ఒప్పందం కుదిరింది. పిల్లల్లో సర్వే పెట్టాలి. సగంమంది వద్దన్నా పాతదే ఖాయం, ఆమె మళ్లీ ఆ ఊసెత్తకూడదు.

ఆమె ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. తెర మీద గుండ్రటి బొమ్మ, మొత్తం ఆకుపచ్చ.

"అందరూ బాగుందన్నారా?"

"జవాబిచ్చిన ప్రతి ఒక్కరూ, సార్."

ఆయన తేలిగ్గా నమ్మే రకం కాదు. సర్వేల్లో తప్పులు పట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఇంట్లో కూర రుచి చూడాలన్నా గిన్నెలో నాలుగు చోట్ల గరిటె పెడతారు.

"మొహమాటానికి అన్నారేమో?"

"పేర్లు రాయొద్దన్నాను."

"మీరు పక్కన నిలబడ్డారా?"

"ల్యాబ్ ఛాయలకే వెళ్లలేదు. ఎవరికి వీలైనప్పుడు వాళ్లే నింపారు. సర్వేకి కాగితం కూడా వాడలేదు."

ఇక వేలు పెట్టడానికి సందు దొరకలేదు. ఆయన కాస్త ఉడుక్కున్నారు. అయినా కోడలు గెలిచినందుకు లోలోపల గర్వంగానే ఉంది.

"సరేనమ్మా, నీదే గెలుపు" అన్నారు, కాలేజీలో ఉన్న సంగతి మరిచిపోయి. పాతది తీసేయమని ఆర్డరు రాసి, సంతకానికి పెన్ను సర్దుకున్నారు.

అప్పుడే ఒక విద్యార్థిని తలుపు తోసి తొంగి చూసింది. ఆ అమ్మాయి వెనక వరండా నిండా ఇంచుమించు క్లాసంతా నిలబడి ఉంది.

"మేడమ్, సర్వే ఆర్‌లోనే నింపాలన్నారు కదా, అసలు ఆ ఆర్‌ని ఎలా తెరవాలో చెప్తారా?"