ఒకే తూకం డొల్లలు

"తార్ వచ్చిన మాట నిజమేనా సాబ్?" తల్లి పోయిందని, ముందే టెలిగ్రాం ఇచ్చామని ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ముదీర్ బల్ల మీద పెట్టి అడిగాడు భోజన్న.

ముదీర్ ఖాదర్ హుస్సేన్‌దీ కరీంనగరే. అల్ ఐన్‌లోని ఈ తోటకు మేనేజరు, అరబ్బు యజమాని కఫీల్ తర్వాత అంతటివాడు. తలైనా ఎత్తకుండా, "వచ్చింది, నెల కింద. సొరుగుల వెట్టిన" అన్నాడు.

"మా అవ్వకు పాణం మీదికొచ్చిందని తెలిసి గూడ?"

"చెప్తె పోతనంటవు. పోటీకి డొల్లలు నీ అయ్య ఏర్తడా? ఊరికి పోను ఛుట్టీ మంజూరైంది గద, శుక్రారం పోటీ అయినంక పో. బొక్కలు గోదాట్ల కలుపుకో. యల్లా, పని చూడు!"

భోజన్నకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. 'నీ కొలువు ఊడగొట్టకపోతె నేను మా అవ్వ కొడుకునే కాదు' అనుకున్నాడు.

అతని పని, పేలిన రైఫిల్ తూటాల ఇత్తడి డొల్లలు ఏరడం. చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. కంసాలి తక్కెడలో వేస్తే తెలుస్తుంది తేడా. ఒకే తూకం డొల్లల్లో మళ్లీ మందు నింపి కాలిస్తే గుండ్లన్నీ ఒకేచోట తగులుతాయి, కలగాపులగమైతే తలో దిక్కూ పోతాయి. కఫీల్‌కు తుపాకీ పోటీల పిచ్చి, ఎదురు నిలబడాల్సింది ముదీరే. అందుకే ముదీర్ ఓ ఏర్పాటు చేసుకున్నాడు. సమానమైనవి కఫీల్ పచ్చ పెట్టెలోకి, మిగిలినవి తన నల్ల పెట్టెలోకి. కఫీల్‌కు ఎప్పుడూ తనే గెలవాలి, కానీ ఎదుటివాడు కావాలని గురి తప్పితే ఇట్టే పసిగడతాడు. కాబట్టి ముదీర్ నిజాయితీగా గురిపెట్టి, డొల్లల పుణ్యమా అని నిజాయితీగా ఓడిపోయేవాడు. అబ్బ, ఏం బుర్ర!

మూడు రోజులు భోజన్న తక్కెడ ముందు నుంచి లేవలేదు. తోటపని చేసే ఆశన్న చూసి ముక్కున వేలేసుకున్నాడు.

"మంచియన్ని నల్ల పెట్టెల ఏస్తున్నవేందిరా? అవ్వను సూడనియ్యనోన్ని గెలిపిస్తవా?"

"గెలువాలె అన్నా. అందరి ముంగట గెలువాలె."

శుక్రవారం అతిథుల ముందు ఇద్దరూ అయిదేసి గుండ్లు కాల్చారు. దూరాన ఉన్న గురి అట్టలు తెచ్చి పక్కపక్కన పెట్టారు. ముదీర్‌వి అయిదూ రూపాయి బిళ్లంత చోట్లో పడ్డాయి. కఫీల్‌వి చెల్లాచెదురు. ఓ అతిథి కిసుక్కున నవ్వాడు. కఫీల్ ముఖం జేవురించింది. ముదీర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

భోజన్న కడుపు చల్లబడింది. 'తార్ దాస్తవురా? దాసుకో ఇగ!'

ముదీర్ అరబ్బీలో ఏదో మొరపెట్టుకుంటూ భోజన్నను చూపించాడు. కఫీల్ తక్కెడ తెప్పించాడు. నల్ల పెట్టెలోని డొల్లలు జతలు జతలుగా తూచాడు. ముల్లు కదిలితే ఒట్టు! మంచివన్నీ నువ్వే ఉంచుకున్నావా అన్నట్టు ముదీర్‌ను కొరకొరా చూశాడు. తర్వాత భోజన్న చేతులు పట్టుకుని, మురిసిపోతూ గబగబా ఏదో చెప్పాడు.

భోజన్నకు అరబ్బీ రాదు. చెప్పాల్సింది మళ్లీ ముదీరే.

"నన్ను రేపటి ఇమానంల ఇండియాకు ఎళ్లగొడ్తడంట."

భోజన్న నవ్వు దాచుకోలేదు. "ఇంకేమన్నడు సాబ్?"

"ఇసొంటి చేతులు మల్ల దొరకవంట. నీ ఛుట్టీ రద్దు, ఖలాస్ అన్నడు."