స్టేషన్ మాస్టారి డైసీలు

మధ్యాహ్నం కునుకు తీసి ఇంటి ముందు తోటలోకి వచ్చిన రిటైర్డు స్టేషన్ మాస్టారికి, డైసీ పొద వెనకాల ఎవడో గొంతుక్కూర్చుని కనిపించాడు.

"ఎవడ్రా అది?"

ఆ మనిషి ఉలిక్కిపడ్డాడు. మాస్టారిని చూశాడు, గోడ వైపు చూశాడు, చివరికి పొదను చూశాడు.

"మొక్కలు చూస్తున్నా సార్. పూలు లేవేంటి వీటికి?"

పుండు మీద కారం చల్లినట్టయింది మాస్టారికి. ఏటేటా వాటంతటవే చిగురించి పూయాల్సిన డైసీలు ఆ ఏడు ఆకులే తప్ప మొగ్గ తొడగలేదు. కాడలు నేలమీద పడి దొర్లుతున్నాయి. పొద నడుమ బోసిపోయింది. "అచ్చం మీ నెత్తిలాగే" అని భార్య రోజూ మేలమాడుతోంది.

"బస్తాలకొద్దీ ఎరువేస్తున్నా. పొద్దున్నా సాయంత్రం నీళ్లు పోస్తున్నా. ఇంకేం చెయ్యమంటావ్?"

"ఆ రెండూ మానెయ్యండి సార్. అజీర్తి చేసింది దీనికి. పార ఉందా?"

మాస్టారు ఇచ్చాడు. ఎందుకిచ్చాడో ఆయనకే తెలీదు.

అతను పొదను వేళ్లతో సహా పెకలించి, ముదిరిపోయిన నడుమంతా తీసి పారేసి, చుట్టూ ఉన్న పిలకల్ని విడదీసి ఎడంఎడంగా నాటాడు.

"అయ్యయ్యో, నిలువునా చీల్చి చంపేశావు కదరా! నడు బయటికి!"

"వచ్చే పూతకి చూడండి సార్," అంటూ అతను గోడెక్కబోయి, నాలిక్కరుచుకుని, గేటు తీసుకుని వెళ్లాడు.

మరుసటి ఏడు గోడ పొడుగునా తెల్లటి డైసీలు విరగబూశాయి. దారినపోయేవాళ్లు ఆగి మరీ తొంగిచూశారు.

"అంత మంచివాణ్ణి తిట్టి తరిమేశారు," అంది భార్య.

మాస్టారికి మనసు చివుక్కుమంది. ఊళ్లో నర్సరీలన్నీ తిరిగాడు. అలాంటి తోటమాలి ఎవరికీ తెలీదు.

ఓ ఉదయం గేటు ముందు పోలీసు జీపు ఆగింది. చేతులకు బేడీలతో దిగింది అతనే!

"ఈ వీధిలో దూరిన ఇళ్లన్నీ చూపిస్తున్నాడు సార్. మీ ఇంట్లో ఏం పోయింది?" అడిగాడు హెడ్ కానిస్టేబుల్.

మాస్టారు ఆ బేడీల వైపు చూశాడు. అతను మాత్రం పూల వైపే చూస్తున్నాడు.

"వాడిపోయినవి తుంచెయ్యండి సార్. మళ్లీ పూస్తాయి," అన్నాడు నెమ్మదిగా.

"ఏమీ పోలేదు! ఇతను మా తోటమాలి!" అరిచినంత పనిచేశాడు మాస్టారు.

హెడ్ కానిస్టేబుల్ పకపకా నవ్వాడు.

"మీకేనా సార్? జైల్లో పూలతోటకీ ఇతనే మాలి... విడుదలైనప్పుడల్లా సూపరింటెండెంటు గారు కళ్లు తుడుచుకుంటారు!"